డెస్క్‌టాప్ కీబోర్డు సరిచేయడం – 4వ పాఠం: ఆల్ట్, కంట్రోల్ మాట వినకపోతే

లేఅవుట్ (ఏ మీట ఏ అక్షరం ఇవ్వాలో చెప్పే అమరిక) ఎంచుకోవడం గత పాఠంలో అయింది. ఇప్పుడు మాడిఫైయర్ మీటల వంతు, అంటే షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ లాంటి, వేరే మీటతో కలిపి నొక్కేవి. ఇది లినక్స్‌లో ఎక్స్11 (తెరమీద విండోలు చూపే వ్యవస్థ) సెషన్‌కు వర్తిస్తుంది. ఆదేశాలన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

ఏ సెట్టింగూ ముట్టుకోకముందే టెర్మినల్‌లో ఎక్స్‌ఈవీ అనే ఆదేశం నడపండి; మీట నొక్కితే కంప్యూటర్‌కు ఏం అందిందో అది చూపిస్తుంది. చిన్న విండో తెరుచుకుంటుంది. దానిమీద క్లిక్ చేసి, అనుమానం ఉన్న మీట నొక్కండి. టెర్మినల్‌లో వచ్చే కీకోడ్ ఆ మీట సంఖ్య: మామూలు పీసీ కీబోర్డులో క్యాప్స్‌లాక్ 66, ఎడమ కంట్రోల్ 37, కుడి ఆల్ట్ 108. కీసిమ్ అంటే ఆ సంఖ్యకు లేఅవుట్ ఇచ్చిన అర్థం. కీకోడ్ సరిగా ఉండి కీసిమ్ తేడాగా వస్తే తప్పు లేఅవుట్‌ది; కొత్త కీబోర్డు కొన్నా తీరదు. కీప్రెస్ (మీట నొక్కారన్న వార్త) బదులు ఫోకస్‌అవుట్ (విండో చేతి నుంచి కీబోర్డు జారిందన్న వార్త) కనిపిస్తే ఆ మీటను ఏదో డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ముందే పట్టేసుకుందన్నమాట. అసలేమీ రాకపోతే అప్పుడు కేబుల్‌ని, మీటని అనుమానించండి.

కీకోడ్ వచ్చే వరుసలోనే ఉండే స్టేట్‌ని చాలామంది పట్టించుకోరు, సగం చిక్కులు అక్కడే తేలతాయి. అది ఆ మీట నొక్కడానికి ముందు మాడిఫైయర్లు ఉన్న స్థితి. అందుకే మాడిఫైయర్‌ని ఒక్కదాన్నే నొక్కితే లాభం లేదు. దాన్ని పట్టుకుని ఇంకో అక్షరం నొక్కాలి. షిఫ్ట్‌కు 0ఎక్స్1, క్యాప్స్‌లాక్‌కు 0ఎక్స్2, కంట్రోల్‌కు 0ఎక్స్4, ఆల్ట్‌కు 0ఎక్స్8 రావాలి. నమ్‌లాక్ వెలుగుతుంటే 0ఎక్స్10 కలుస్తుంది, కంగారు వద్దు.

కుడి ఆల్ట్‌తో 0ఎక్స్80 వచ్చిందా? లేఅవుట్ దాన్ని మూడో స్థాయి గుర్తులకు, అంటే మామూలుగానూ షిఫ్ట్‌తోనూ రాని అదనపు గుర్తులకు కేటాయించింది. అందుకే దానితో ఆల్ట్ షార్ట్‌కట్‌లు పనిచేయవు. మామూలు ఆల్ట్‌గా కావాలంటే లేఅవుట్‌ను మార్చే ఈ ఆదేశం ఇవ్వండి:

సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ -ఆప్షన్ ఎల్‌వీ3:ఆర్‌ఆల్ట్_ఆల్ట్

క్యాప్స్‌లాక్‌ని కంట్రోల్‌గా మార్చే ఆప్షన్ సీటీఆర్‌ఎల్:నోక్యాప్స్. ఇక్కడొక మెలిక ఉంది. కొత్త ఆప్షన్ పాతదాన్ని తీసేయదు, దాని పక్కన చేరుతుంది. నిన్న క్యాప్స్‌లాక్‌ని ఎస్కేప్‌గా మార్చే క్యాప్స్:ఎస్కేప్ పెట్టి ఈరోజు ఇది పెడితే రెండూ ఒకే మీట కోసం కొట్టుకుంటాయి. సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ -క్వెరీ అంటే జాబితా కనిపిస్తుంది. -ఆప్షన్ తర్వాత ఖాళీ కొటేషన్ గుర్తులు ఇస్తే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ తర్వాత కావలసినవి మళ్లీ పెట్టుకోండి.

మీటల అర్థాలు మార్చే మరో ఆదేశం ఎక్స్‌మోడ్‌మ్యాప్‌తో ఇదే పని చేసేవాళ్లు కీసిమ్ మార్చి వదిలేస్తారు. ఆ మీట ఇంకా లాక్ జాబితాలోనే (క్యాప్స్‌లాక్‌గా పనిచేసే మీటల జాబితా) ఉంటుంది కాబట్టి కంట్రోల్‌గా పనిచేయదు. ముందు లాక్ నుంచి తీసేయాలి, తర్వాత కీసిమ్ మార్చాలి, ఆపైన కంట్రోల్‌కు చేర్చాలి. పైగా కీబోర్డు ఊడదీసి మళ్లీ పెడితే ఆ మార్పులు పోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ మార్పులు లాగౌట్ వరకే. డెబియన్, ఉబుంటుల్లో శాశ్వతంగా ఉండాలంటే ఈటీసీ ఫోల్డర్‌లో, డిఫాల్ట్ కింద ఉన్న కీబోర్డ్ ఫైలు తెరిచి ఎక్స్‌కేబీఆప్షన్స్ వరుసలో రాయాలి. ఎక్స్11కు బదులు వాడే వేలాండ్ సెషన్‌లో మాత్రం ఈ ఆదేశం డెస్క్‌టాప్ మీద పనిచేయదు. డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లోనే మార్చుకోవాలి.

అభ్యాసం: క్యాప్స్‌లాక్‌ని కంట్రోల్‌గా మార్చి, దాన్ని పట్టుకుని ఎక్స్‌ఈవీలో ఏదైనా అక్షరం నొక్కండి. నమ్‌లాక్ ఆపి ఉంటే స్టేట్ 0ఎక్స్4 రావాలి. 0ఎక్స్2 వస్తే -క్వెరీ జాబితా మళ్లీ చూడండి.