పాత ఫొటోలోని యూనిఫాం నుంచి సైనిక రికార్డు దాకా: హైదరాబాద్ కుటుంబాలకు దరఖాస్తు విధానం

గోడ మీది ఫొటోలో ముత్తాత యూనిఫాంలో ఉంటారు. ఏ సైన్యమో ఇంట్లో ఎవరూ చెప్పలేరు. చాలామంది ఆ ఫొటోను జిరాక్సు తీసి, "ఇది ఏ రెజిమెంటు యూనిఫాం?" అని సమాచార హక్కు చట్టం కింద ఏదో ఒక ఆఫీసుకు పంపేస్తారు. అక్కడే పని చెడుతుంది. తన ఆఫీసులో ఉన్న కాగితం నకలు ఇవ్వడం వరకే పౌర సమాచార అధికారి బాధ్యత. ఫొటో చూసి అభిప్రాయం చెప్పమని చట్టం ఆయన్ని బలవంతపెట్టదు. అందుకని యూనిఫాం గుర్తుపట్టే పని ఇంట్లోనే, దరఖాస్తు రాయకముందే జరగాలి.

ముందు తేల్చాల్సింది: ఎవరి సైన్యం?

హైదరాబాద్ వాళ్లకు ఇదే పెద్ద చిక్కు. నిజాం సొంత సైన్యం వేరు, బ్రిటిష్ ఇండియా సైన్యం వేరు. 1922లో పేరు పెట్టిన 19వ హైదరాబాద్ రెజిమెంట్ రెండోదానికి చెందింది. పాత హైదరాబాద్ కంటింజెంట్, అంటే నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన సేన వారసత్వం అది. ఆనాటికే అందులో ఎక్కువగా కుమావూనీలు, జాట్లు, అహీర్లు ఉండేవారు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. పైగా రెండో ప్రపంచ యుద్ధంలో ఈ రెజిమెంటు నాలుగో బెటాలియనూ, నిజాం సైన్యానికి చెందిన ఫస్ట్ హైదరాబాద్ ఇన్ఫంట్రీ కూడా మలయాలోనే (ఇప్పటి మలేషియా) ఉన్నాయి. 1941 డిసెంబరులో జపాన్ సేన దిగినప్పుడు కోటా బారు విమానాశ్రయానికి కాపలా ఉన్నది నిజాం దళం. కాబట్టి "తాత హైదరాబాద్ రెజిమెంటులో మలయా వెళ్లాడు" అన్న ఇంటి మాట రెండింటిలో దేనికైనా సరిపోతుంది.

పాత చిరునామా కొంత దారి చూపుతుంది. ఫస్ట్ లాన్సర్స్, ఏసీ గార్డ్స్, బార్కస్ నిజాం దళాల వల్ల పేరొచ్చిన బస్తీలు. తిరుమలగిరి, బొల్లారం కంటోన్మెంటు వైపువి. ఇది ఆనవాలు మాత్రమే, రుజువుగా పెట్టకండి.

ఫొటోను ఎలా చూడాలి

ఫ్రేములోంచి తీయగలిగితే తీసి, ముందూ వెనకా 600 డీపీఐలో స్కాన్ చేయించండి. అట్టకు అంటుకుపోయి ఉంటే లాగొద్దు. వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఫొటో తీస్తే చాలు. అట్ట మీద స్టూడియో పేరు, ఊరు ఉంటే అదీ స్కాన్‌లో రావాలి. ఫోను యాప్‌లతో మెరుగుపరిచి, రంగులద్దిన కాపీని పక్కన పెట్టండి. కనపడని బిళ్ళ మీద యాప్ తనకు తోచిన అక్షరాలు గీసేస్తుంది, తర్వాత అందరూ దాన్నే నమ్ముతారు.

మొదట భుజాలు చూడండి. భుజం పట్టీ చివర వంపుగా ఉండే ఇత్తడి అక్షరాలే అన్నిటికన్నా పనికొస్తాయి, అవి దళం పేరుకు పొడి అక్షరాలు. తర్వాత టోపీ లేదా తలపాగా మీది బిళ్ళ. బిళ్ళ మీద బ్రిటిష్ కిరీటం ఉంటే ఫొటో 1950కి ముందుది, ఆ ఏడాది జనవరి 26 నుంచి కిరీటం స్థానంలో అశోక సింహాలు వచ్చాయి. చేతి మీద రెండు గీతలు నాయక్, మూడు గీతలు హవల్దార్. భుజం మీద ఒక నక్షత్రం చూసి "లెఫ్టినెంట్" అనుకోవద్దు, జమాదార్‌కూ ఒకటే, సుబేదార్‌కు రెండు, వీళ్లు లెఫ్టినెంట్‌లాంటి అధికారుల కోవలోకి రారు. అధికారుల ఫైళ్లు వేరే చోట ఉంటాయి కనుక ఇక్కడ పొరపడితే దరఖాస్తు తప్పు ఆఫీసుకు పోతుంది.

ఎక్కువమందిని బోల్తా కొట్టించేది రంగు. ఆ రోజుల్లో స్టూడియోలు వాడిన ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లకు ఎరుపు తెలియదు. ఎర్ర కోటు దాదాపు నల్లగా, నీలం తేలిగ్గా పడుతుంది. నల్లగా ఉందని పోలీసు అని రాసేయకండి. పతకాల రిబ్బన్లలోనూ ఇంతే, చారల వెడల్పు, వరుస చూడండి, ముదురు లేత చూసి రంగు తేల్చొద్దు. పతకాలు ఛాతీకి కుడివైపున కనిపిస్తే నెగటివ్‌ను తిరగేసి ముద్రించారేమో అనుమానించాలి. కోటు గుండీల వరస చూస్తే తెలుస్తుంది, మగవాళ్ల కోటుకు ఎడమ అంచు పైకి వస్తుంది.

ఇంట్లో పతకం ఉంటే ఫొటో కన్నా అదే గట్టి ఆధారం. మొదటి ప్రపంచ యుద్ధపు వెండి పతకం అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. భూతద్దంతో చూసి ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. పాలిష్ మాత్రం పెట్టొద్దు, అక్షరాలు అరిగిపోతాయి.

ఎవరికి రాయాలి

19వ హైదరాబాద్ రెజిమెంట్ అని తేలితే రాణీఖేత్‌లోని కుమావూన్ రికార్డ్స్. డెక్కన్ హార్స్ (అశ్వికదళం) అయితే అహ్మద్‌నగర్‌లోని (ఇప్పుడు అహిల్యానగర్) ఆర్మర్డ్ కోర్ రికార్డ్స్. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్‌కు (ఇంజనీర్ల దళం) బెంగళూరు. ఆర్డ్‌నెన్స్ కోర్ (సరఫరా దళం), ఈఎంఈ (యంత్రాల మరమ్మతు దళం) రికార్డులు మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఈఎంఈ మొదలైందే 1943లో, అంతకుముందటి ఫొటోకు ఆ పేరు పెట్టడం కుదరదు.

నిజాం సైన్యమైతే తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురాలేఖ కేంద్రానికి వెళ్లాలి. ఆసఫ్‌జాహీ దఫ్తరు, అంటే నిజాం ప్రభుత్వపు కాగితాలు ఫారసీ, ఉర్దూల్లో ఉంటాయి, చదవగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి. పేరు "పోచయ్య వల్ద మల్లయ్య" తీరులో, అంటే మల్లయ్య కొడుకు పోచయ్య అని ఉంటుంది, ఇంటిపేరుతో వెతికితే దొరకదు. తేదీ ఫసలీలో (నిజాం కాలపు సంవత్సర లెక్క) ఉంటే 590 కలపండి, 1350 ఫసలీ అంటే 1940-41.

సర్వీసులో చనిపోయినవారైతే ముందు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకండి. సైనిక నంబరు అక్కడే దొరకొచ్చు.

దరఖాస్తులో ఏం రాయాలి

సైనిక రికార్డు ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, "అకౌంట్స్ ఆఫీసర్" పేరిట. ఆన్‌లైన్ పోర్టల్‌లో వేస్తే దరఖాస్తు గడిలో 3000 అక్షరాలే పడతాయి, అంతకు మించితే విడిగా జతచేయాలి. ప్రశ్న వేయొద్దు, నకలు అడగండి: "ఫలానా నంబరు, ఫలానా పేరు, తండ్రి పేరు, గ్రామం, తాలూకా, ఫలానా నుంచి ఫలానా సంవత్సరాల మధ్య పనిచేసిన వ్యక్తి షీట్ రోల్, లాంగ్ రోల్‌లోని నమోదు నకళ్లు ఇప్పించగలరు." షీట్ రోల్ అంటే ఒక్కో సైనికుడి సర్వీసు కాగితం, లాంగ్ రోల్ అంటే అందరి పేర్లూ నమోదైన రిజిస్టరు. లాంగ్ రోల్ అన్న మాట తప్పనిసరి. పింఛను లేకుండా బయటికొచ్చినవారి షీట్ రోల్‌ను 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు, లాంగ్ రోల్‌ను మాత్రం ఉంచుతారు. షీట్ రోల్ ఒక్కటే అడిగితే "ధ్వంసమైంది" అన్న ఒక్క వాక్యంతో జవాబు ముగుస్తుంది.

ఇంగ్లిషులో పేరు ఎన్ని రకాలుగా రాసే వీలుందో అన్నీ రాయండి. ఊరికి అప్పటి జిల్లా పేరే రాయాలి. వ్యక్తిగత సమాచారమని తిప్పికొట్టకుండా బంధుత్వం చూపే కాగితాలు జతచేయండి: మీ ఆధార్, మీసేవలో తీసుకున్న కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ముత్తాత దాకా అతకడానికి మధ్యతరం వాళ్ల పాత టీసీ లేదా పట్టా కాగితం. ఫొటో ప్రింటు కూడా పెట్టండి, అసలు ఫొటో, అసలు పతకం మాత్రం పంపొద్దు.

స్పీడ్ పోస్టు రసీదు దాచండి, గడువు మీ కాగితం ఆఫీసుకు చేరిన రోజు నుంచి 30 రోజులు. వేరే ఆఫీసుకు చెందిన విషయమైతే వాళ్లే 5 రోజుల్లో అటు బదిలీ చేయాలి. నకలుకు పేజీకి 2 రూపాయలు. జవాబు రాకపోయినా, అసంపూర్తిగా వచ్చినా 30 రోజుల్లో అదే సంస్థలో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేసుకోవచ్చు. మొదటి అప్పీలుకు రుసుం లేదు.