డిగ్రీ తర్వాత ఏంది? చిన్నప్పుడే కొట్టేసిన జాబితాను మళ్లీ రాసుకోవడం

నెల్లూరులోనో కావలిలోనో ఒంగోలులోనో డిగ్రీ రెండో ఏడు చదివే పిల్లల్ని "తర్వాత ఏంది?" అని అడగండి. గ్రూప్స్, బ్యాంకు, బీఈడీ, సాఫ్ట్‌వేర్ కోర్సు. ఐదో జవాబు "చూడాలి". పక్కనే కృష్ణపట్నం పోర్టు, తీరం వెంబడి రొయ్యల గుంటలు, రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలు, అటు చీమకుర్తి గ్రానైటు ఉన్నా జాబితా నాలుగు దగ్గరే ఆగుతుంది.

తెలియక అలా ఆగిందనుకుంటాం. అది సగమే నిజం. లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1981లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లలు "ఇది ఆడవాళ్ల పని, అది మగవాళ్ల పని" అంటూ కొన్ని కొట్టేస్తారు. తొమ్మిది నుంచి పదమూడు మధ్య "ఇది మనకు తక్కువ, అది మనకందదు" అంటూ మరికొన్ని కొట్టేస్తారు. నాకేం ఇష్టం అన్న ఆలోచన పద్నాలుగు ప్రాంతంలో గానీ మొదలవదు. అప్పటికి మిగిలినవాటిలోంచే ఏరుకుంటాం. అందుకే "నీకేం ఇష్టం?" అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, కొట్టేసినవేవో ముందు బయటికి తీయండి.

ఇరవై పనుల కాగితం

లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీ, అరగంట సమయం చాలు. మీ ఇంటికి ముప్పై కిలోమీటర్ల లోపల జనం జీతానికో లాభానికో చేస్తున్న పనులు ఇరవై రాయండి. ఫోన్ ముట్టుకోవద్దు. హేచరీలో రొయ్యపిల్లలకు జబ్బుందేమో పీసీఆర్ పరీక్షలు చేసే ల్యాబ్ మనిషి, మేత కంపెనీ సేల్స్, పోర్టులో కస్టమ్స్ కాగితాలు చూసే ఆఫీసు, గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో ఎగుమతి లెక్కలు, పొగాకు వేలం కేంద్రంలో గ్రేడింగ్, మందుల షాపు, జీఎస్టీ రిటర్నులు వేసే ఆడిటర్ దగ్గర అసిస్టెంటు... పన్నెండు దాటాక చెయ్యి ఆగిపోతుంది. అసలు పని అక్కడే మొదలు, లేవకండి.

తర్వాత మీరు చేయనివన్నీ కొట్టేసి, పక్కన కారణం ఒక్క మాటలో రాయండి: "పరువు", "ఆడపిల్ల", "జీతం", "దూరం", "తెలియదు", "ఇష్టం లేదు". ఎక్కువమంది చేసే తప్పు, అన్నిటికీ "ఇష్టం లేదు" అని రాసేయడం. ఆ పనిని దగ్గరగా గంటసేపైనా చూడకపోతే "ఇష్టం లేదు" అనే హక్కు లేదు, "తెలియదు" అనే రాయాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే కాగితం మారిపోతుంది. "పరువు", "తెలియదు" కలిపి సగం దాటితే ఆ జాబితా మీరు వేసింది కాదని అర్థం. "తెలియదు" అని రాసిన వాటిలోంచి మూడు తీసి పక్కన పెట్టుకోండి.

"నా వల్ల కాదు" అన్నదానికి రుజువేది?

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త 1977లో ఆత్మసామర్థ్య నమ్మకం గురించి రాశాడు: ఒక పని చేయగలనన్న నమ్మకమే దాన్ని మొదలుపెడతామా లేదా, ఎదురుదెబ్బ తగిలితే ఎంతసేపు నిలబడతామో నిర్ణయిస్తుంది. ఆ నమ్మకానికి నాలుగు ఊటలున్నాయి. స్వయంగా చేసి గెలవడం, మనలాంటి వాళ్లు గెలవడం చూడటం, నమ్మదగినవాళ్లు చెప్పడం, ఆ క్షణంలో ఒంటి స్థితి. మొదటిదే అన్నిటికన్నా బలమైనది. మన కాలేజీల్లో తక్కువ దొరికేది కూడా అదే. డిగ్రీలో ఇంటర్న్‌షిప్ పెట్టింది ఇందుకే కదా, దాన్ని సర్టిఫికెట్ కొనుక్కుని ముగించేవాళ్లు పోగొట్టుకునేది మార్కులు కాదు, ఈ రుజువు.

ఉద్యోగాలకు కాకుండా పనులకు సున్నా నుంచి పది వరకు మార్కులు వేసుకోండి. "బ్యాంకు ఉద్యోగం" అని కాకుండా, "ఎక్సెల్‌లో 200 వరుసల లెక్క తేల్చడం", "ముఖం తెలియని మనిషితో పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడటం" అని. ప్రతి మార్కు పక్కన గత రెండేళ్లలో జరిగిన ఒక సంఘటన రాయండి. రాయడానికేమీ లేకపోతే ఆ మార్కు భయంతో వేసిందో గొప్పకు వేసిందో అనుకోవాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఒకటి విడిగా పరీక్షించుకోవాలి. మొదటి సెమిస్టర్లో మార్కులు తగ్గగానే "నాకు సబ్జెక్టు రాదు" అనుకుంటారు. అదే పాఠం తెలుగులో చదివి చూడండి. అర్థమైతే కొరత భాషది, సాధనతో తగ్గేది. తెలుగులోనూ అర్థం కాకపోతే అప్పుడు సబ్జెక్టు సంగతి ఆలోచించండి.

తక్కువ మార్కు పడిన పనిని రోజుకు ఇరవై నిమిషాలు, మూడు వారాలు చేయండి. పదిసార్లలో ఏడుసార్లు వచ్చేంత తేలికగా మొదలుపెట్టాలి. తొలిరోజే గట్టిదానికి పోతే ఓటమి వస్తుంది, "చెప్పానా, నా వల్ల కాదని" అన్న పాత మాట ఇంకా గట్టిపడుతుంది.

జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త చెప్పిన ఆరు రకాల ఆసక్తులను బట్టి చేసే పరీక్షలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చేసుకోవచ్చు, అరగంట పని. ఫలితాన్ని జాతకంలా నమ్మకుండా, ఏ పనులు చూసి రావాలో సూచించే చీటీగా తీసుకుంటే చాలు.

ముగ్గురితో మాట్లాడటం

పక్కన పెట్టిన మూడు పనుల్లో ప్రతిదానికీ ముగ్గుర్ని పట్టుకోండి: చేరి రెండేళ్లు కానివాళ్లు, పదేళ్లు దాటినవాళ్లు, మానేసి వచ్చినవాళ్లు. మూడోవాళ్లను వదలొద్దు. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ఉండేది నెగ్గినవాళ్ల ముఖాలే, ఓడినవాళ్లకు ఫ్లెక్సీ కట్టరు. "ఈ ఫీల్డు బాగుంటుందా అన్నా?" అని అడిగితే వచ్చేది అభిప్రాయం. "నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేశారు? మొదటి నెల చేతికెంత వచ్చింది? మీతో చేరినవాళ్లలో మానేసిందెవరు, ఎందుకు?" అంటే వచ్చేది సమాచారం.

గ్రూప్స్‌కు, డీఎస్సీకి ముందే గీత గీయండి

పోటీ పరీక్షలు వద్దనడం లేదు. ఎప్పుడు ఆపాలో మనసు తనంతట తాను చెప్పదు. అదే చిక్కు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో గ్రూప్-2కు 897 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది, నాలుగు లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న, మెయిన్స్ దాదాపు ఏడాదికి 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. 2018 డీఎస్సీ తర్వాత మధ్యలో ఒకటి వచ్చి ఆగిపోగా, 16,347 పోస్టుల నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో గానీ రాలేదు. ఇంత ఎదురుచూశాక "ఇన్నేళ్లు పెట్టాం, ఇప్పుడు మానితే అంతా వృథా" అనిపిస్తుంది. పోయిన ఏళ్లు మానినా రావు, కొనసాగినా రావు. లెక్కలోకి తీసుకోవాల్సింది రాబోయే ఏళ్లే.

కాబట్టి పుస్తకం తెరవకముందే ఆఖరి తేదీ, రాయబోయే పరీక్షల సంఖ్య రెండూ కాగితం మీద పెట్టి అక్కకో స్నేహితుడికో ఇవ్వండి. గట్టి ఉచ్చు "రెండు మార్కుల్లో పోయింది" అన్నది. ఆ ఊపులో గడువు పెంచేస్తారు. పెంచడానికీ షరతు ముందే రాయాలి: ఉదాహరణకు, 150 మార్కుల ప్రిలిమ్స్‌లో క్రితంసారి కన్నా 15 పెరిగితేనే ఇంకో ప్రయత్నం. వారంలో రెండు సాయంత్రాలు టాలీ (అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్) లాంటి చేతిపనికి కేటాయించండి, చదువు దెబ్బతినదు.

ఇంట్లో మాట్లాడేటప్పుడు

రొయ్యలకు వైట్‌స్పాట్ జబ్బు తగిలి గుంట మొత్తం పోయిన ఇంట్లో, పొగాకు ధర పడిపోయిన ఏడాది చూసిన ఇంట్లో నాన్న "నెల జీతం" అంటే అది మొండితనం కాదు. లాభం ఇచ్చే సంతోషం కన్నా అంతే నష్టం ఇచ్చే బాధ పెద్దదని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో చూపించారు. ఆ మనిషి ముందు "నాకిది ప్యాషన్" అంటే చెవికెక్కదు. మూడు అంకెలు పట్టుకెళ్లండి: మొత్తం ఖర్చు, మొదటి జీతం దాకా నెలలు, కుదరకపోతే ఏం చేస్తామో దాని ఖర్చు.

"నాయనా, కోర్సు ఎనిమిది నెలలు, ఖర్చు ఇంత. సంవత్సరం లోపల ఉద్యోగం రాకపోతే నువ్వు చెప్పినట్టే బీఈడీ రాస్తా" అనడం పని చేస్తుంది. పెళ్లిలోనో, బంధువుల ముందో ఎత్తొద్దు. నలుగురిలో "కాదు" అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఏ తండ్రికైనా కష్టం. ముందు అమ్మతోనో మేనమామతోనో చెప్పి ఉంచండి.

ఆడపిల్లల విషయంలో పైకి వినపడే అభ్యంతరం కోర్సు మీద ఉంటుంది, లోపలిది దూరం, హాస్టల్, పెళ్లి వయసు మీద. విడదీసి అడగండి: "చెన్నై దాకా పంపుతారా? హాస్టల్లో అత్త కూతురు తోడుంటే?" ఒక్కోసారి అడ్డం ఊరే, ఉద్యోగం కాదు. అప్పుడు ఊరు మార్చి అదే ఉద్యోగం వెతకొచ్చు.

మీరు నాన్న గుంటలే చూసుకుంటానంటే అదీ సరైన నిర్ణయమే కావచ్చు. కాకపోతే దాన్నీ ఇరవై పనుల కాగితం మీద పెట్టి, ముగ్గురితో మాట్లాడాకే అనండి.

ఇవన్నీ చేస్తుండగా రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా కెరీర్ సంగతి పక్కన పెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళనైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.