గిటార్‌లో హమ్ తగ్గించడం – నాలుగో పాఠం: తీగలు పట్టుకుంటే మోత తగ్గడం లోపం కాదు

యాంప్‌లో వినిపించే మోత తగ్గించడానికి ఈసారి ఎలక్ట్రిక్ గిటార్ లోపల రాగి రేకు అంటించడం నేర్పుతానని పోయిన పాఠంలో చెప్పాను. అది వచ్చే పాఠానికి జరిపాను. మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చేసి మీరు పంపిన రికార్డింగులు విన్నాక, ప్రశ్నలు చదివాక, ముందు ఈ సంగతి తేల్చాలనిపించింది.

అభ్యాసం చిన్నదే. గిటార్‌ను యాంప్‌కు కలిపి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, ఒకసారి తీగలు వదిలేసి, ఒకసారి అరచేత్తో తీగలు పట్టుకుని వినమన్నాను. చాలామందికి తీగలు పట్టుకోగానే మోత తగ్గింది. దాంతో గిటార్‌లో ఎర్త్ పోయిందని కంగారుపడ్డారు. ఒకరు బాగానే ఉన్న బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే లోహపు భాగం) వైరు పీకి కొత్తది సోల్డర్ చేశారు. ఇంకొకరిని షాపువాళ్లు పికప్‌లు, అంటే తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగాలు, మార్చుకోమన్నారట. ఏదీ మార్చకండి. తీగలు ముట్టుకుంటే మోత తగ్గిందంటే గిటార్ వైరింగ్ సరిగ్గా ఉన్నట్టే.

ఎందుకో చెప్తాను. గోడల్లోని వైర్లు, ట్యూబ్‌లైటు, తలమీద ఫ్యాను, వీటన్నిటి చుట్టూ 230 వోల్టుల సప్లై వల్ల విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మన ఒళ్లు దాన్ని పట్టుకుంటుంది. గిటార్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఆ అలజడిని పికప్‌లకూ లోపలి వైర్లకూ చేరవేస్తుంది. బ్రిడ్జ్ కింద నుంచి, కేబుల్ గుచ్చే జాక్ వరకు ఒక సన్న వైరు ఉంటుంది. దాని ద్వారా తీగలన్నీ కేబుల్ పైపొరకు, అక్కడి నుంచి యాంప్ చాసిస్‌కు (లోపలి లోహపు చట్రానికి), చివరికి ఇంటి ఎర్త్‌కు కలుస్తాయి. మీరు తీగ ముట్టుకోగానే మీ ఒళ్లు కూడా ఎర్త్‌కు కలుస్తుంది. అప్పటిదాకా మోతను మోసుకొచ్చిన ఒళ్లే గిటార్‌కు కవచమవుతుంది.

అనుమానించాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. తీగలు పట్టుకున్నా ఏ తేడా లేదు, కానీ కేబుల్ ప్లగ్గు మీది లోహం ముట్టుకుంటే మోత తగ్గుతోంది అంటే బ్రిడ్జ్ వైరు ఊడింది. యాంప్ నుంచి కేబుల్ తీసేసి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి, ఒక మొన బ్రిడ్జ్ మీద, ఇంకో మొన కేబుల్ చివర ప్లగ్గు బయటి లోహం మీద పెట్టండి. బీప్ రావాలి, రీడింగ్ ఒకటి రెండు ఓములు దాటకూడదు. కొన్ని యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) పికప్‌ల గిటార్లలో కావాలనే బ్రిడ్జ్ వైరు పెట్టరు, వాటికి ఈ పరీక్ష వర్తించదు. ముట్టుకున్నప్పుడు మోత పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారై ఉండొచ్చు. లేదా ఇంటి ఎర్తింగే తేడాగా ఉండొచ్చు.

మీ రికార్డింగుల్లో రెండు శబ్దాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి వినడం అలవాటు చేసుకోండి. లావు ఇ తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కి మీటండి. ఆ జి స్వరం 98 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హమ్ 50లోనూ, దాని రెట్లైన 100, 150లోనూ వస్తుంది. చిన్న యాంపుల్లో ముఖ్యంగా వినపడేది 100, అంటే మీరు మీటిన జి కన్నా రవ్వంత పైన. మందంగా, గుండ్రంగా ఉండే ఆ శబ్దమే హమ్. అమెరికావాళ్ల వీడియోల్లో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి హమ్ బి స్వరం దగ్గర ఉంటుంది. దాంతో మీది పోల్చకండి. రెండో శబ్దం గరగరమంటూ పదునుగా ఉంటుంది, అది బజ్. చెయ్యి వేస్తే తగ్గేది ఎక్కువగా బజ్జే. హమ్ అయస్కాంత క్షేత్రం వల్ల పికప్ చుట్టలో పుడుతుంది కాబట్టి చెయ్యి వేసినా, రాగి రేకు అంటించినా పెద్దగా తగ్గదు. అందుకే 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు చుట్టల హంబకర్‌కు పేటెంట్ దరఖాస్తు చేశాడు. రెండు చుట్టల్లో వచ్చిన హమ్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది, తీగల ధ్వని మాత్రం కలిసి పెరుగుతుంది. సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట) పికప్‌ల స్ట్రాట్ రకం గిటార్ ఉన్నవాళ్లు పికప్‌లు ఎంచుకునే స్విచ్‌ను రెండో స్థానంలోనూ నాలుగో స్థానంలోనూ పెట్టి వినండి. మధ్య పికప్ తిరగేసి చుట్టినదైతే అక్కడ హమ్ దాదాపు పోతుంది. నేను ఇంట్లో స్ట్రాట్ వాయిస్తే ఎక్కువగా ఆ రెండు స్థానాల్లోనే ఉంటాను.

నన్ను బాగా కలవరపెట్టిన విషయం వేరే ఉంది. ప్లగ్గులో ఎర్త్ తీసేస్తే మోత మొత్తం పోయిందని కొందరు సంతోషంగా రాశారు. ఒకరు త్రీ పిన్ ప్లగ్గుకు టూ పిన్ కన్వర్టర్ తగిలించారు. ఒకరు ప్లగ్గు విప్పి ఆకుపచ్చ వైరు కత్తిరించి టేపు చుట్టారు. ఇంకొకరికైతే తెలియకుండానే జరిగింది: బజార్లో కొన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మూడు రంధ్రాలున్నాయి గానీ లోపలికి వచ్చిన వైరులో రెండే కోర్లు. మోత పోయిన మాట నిజమే. దానికి కారణం కూడా ఉంది. యాంప్ ఒక సాకెట్‌లో, మిక్సరో డెస్క్‌టాపో ఇంకో సాకెట్‌లో ఉండి, రెండింటినీ ఆడియో కేబుల్ కలిపితే ఎర్త్‌కు రెండు దారులు ఏర్పడతాయి. ఆ చుట్టులో పారే కొద్దిపాటి కరెంటే గ్రౌండ్ లూప్ హమ్. ఒక దారి తెంపితే చుట్టు తెగుతుంది, హమ్ ఆగుతుంది.

కానీ తెంపింది మీ ప్రాణానికున్న కాపలాను. యాంప్ లోపల ఎప్పుడైనా ఫేజ్ వైరు ఊడి చాసిస్‌కు తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే ఒక్కసారిగా పెద్ద కరెంటు పారి ఫ్యూజు పోతుంది, లేదా ఎంసీబీ పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఏదీ పడిపోదు. చాసిస్ మీద 230 వోల్టులు నిలిచి ఉంటాయి. చాసిస్ నుంచి కేబుల్ పైపొరకు, అక్కడి నుంచి బ్రిడ్జ్‌కు, తీగలకు, మీ వేళ్లకు. ఇందాక మోత తగ్గించిన దారే ఇది. చెప్పులు వేసుకుని వాయిస్తాను కాబట్టి షాక్ కొట్టదని ఒకరు రాశారు. పాడుతూ వాయించేటప్పుడు పెదవికి తగిలే మైకు వేరే సౌండ్ సిస్టంకు కలిసి ఉంటుంది. మైకుకూ తీగలకూ మధ్య వోల్టేజీ తేడా ఉంటే కరెంటు చేతి నుంచి నోటికి పోతుంది, దానికి చెప్పులతో పనిలేదు. స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ 1972 మేలో వేల్స్‌లోని స్వాన్‌సీ వేదిక మీద, ఎర్త్ సరిగ్గా లేని మైకును ముట్టుకుని చనిపోయాడు. మన త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను లావుగా, పొడవుగా ఎందుకుందో ఒకసారి చూడండి. అది అన్నిటికంటే ముందు కలవాలి, అన్నిటికంటే చివర విడిపోవాలి.

కన్వర్టర్లు ఈ రోజే తీసేయండి. కత్తిరించిన వైరు మళ్లీ కలపండి. గ్రౌండ్ లూప్‌ను కరెంటు వైపు నుంచి కాదు, సిగ్నల్ వైపు నుంచి తెంపాలి. మొదటగా అన్నిటినీ ఒకే బోర్డుకు, మంచి స్పైక్ బస్టర్ ద్వారా కలపండి. చాలా ఇళ్లలో లూప్ సమస్య అక్కడితోనే పోతుంది. పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్‌ను, అంటే గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు అందించే చిన్న పెట్టెను, మధ్యలో పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అది ఆడియో కేబుల్ పైపొరను మాత్రమే విడదీస్తుంది, మెయిన్స్ ఎర్త్ జోలికి పోదు.

సాకెట్‌లోనే ఎర్త్ లేని పాత ఇళ్లు మనకు చాలా ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీ ఎదుటే కొలవమనండి. ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య సుమారు 230 రావాలి, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య కొద్ది వోల్టులే ఉండాలి. ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య వంద అటూ ఇటుగా వచ్చి ఊగుతుంటే అక్కడ ఎర్త్ లేనట్టే. మీటర్ అలవాటు లేనివాళ్లు సాకెట్‌లో మొనలు పెట్టకండి. పనిలో పనిగా 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) కూడా పెట్టించండి. గిటార్ ధ్వని మార్చే పెడల్ కొనాలని దాచిన డబ్బుంటే ముందు దీనికి ఖర్చు పెట్టండి. అద్దె ఇల్లయితే యజమానితో మాట్లాడండి.

నాయిస్ గేట్ గురించి అడిగారు. అది మోతను తీసేయదు, మీరు వాయించనప్పుడు నోరు నొక్కుతుంది అంతే. పైగా మెల్లగా ఆగిపోయే స్వరం తోకను కోసేస్తుంది. మెటల్ వాయించేవాళ్లకు అవసరమే, నాకు మాత్రం ఇష్టం లేదు.

ఫ్యాన్ రెగ్యులేటర్ సంగతి. గుండ్రంగా, ఆగకుండా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు తరంగాన్ని మధ్యలో కోసి పంపుతుంది, దాంతో బజ్ పుడుతుంది. లైట్ డిమ్మర్లూ అంతే. టక్ టక్‌మంటూ అంచెలుగా తిరిగే కెపాసిటర్ రకం ఇలా కోయదు. నేనైతే వాయించే గదిలో దాన్నే పెట్టిస్తాను. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద వాయిస్తే గరగర పెరుగుతుంది, అది గిటార్ తప్పు కాదు.

ఈసారి అభ్యాసం పెద్దది, ఒక సాయంత్రం మొత్తం పడుతుంది. యాంప్ సెట్టింగులు ముట్టుకోకుండా, ఫోన్ ఒకే చోట పెట్టి, 20 సెకన్ల చొప్పున రికార్డు చేయండి. గిటార్ వాల్యూమ్ సున్నాలో ఒకటి, పూర్తిగా పెంచి ఒకటి. సున్నాలోనూ మోత ఉంటే అది గిటార్‌ది కాదు. పెడళ్లు, కేబుల్, యాంప్ చూడాలి. తర్వాత చేతులు తీసి, చేతులు వేసి. తర్వాత కూర్చున్న చోటే నాలుగు దిక్కులకూ తిరిగి నాలుగు. సింగిల్ కాయిల్ వాళ్లకు ఏదో ఒక దిక్కున హమ్ బాగా పడిపోతుంది, ఆ దిక్కు రాసుకోండి. ఫ్యాన్ ప్రతి అంచెలో ఒకటి, ఆపి ఒకటి. ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ఛార్జర్ పెట్టి ఒకటి, తీసి ఒకటి. వీలైతే కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఒకటి. ప్రతిదాని పక్కన హమ్మా, బజ్జా అని మీ చెవి చెప్పింది రాయండి. ఈ పట్టిక లేకుండా ఐదో పాఠం మొదలుపెట్టకండి. రేకు వేశాక ఏం తగ్గిందో తెలియాలంటే ఇప్పటి కొలత ఉండాలి.

ఐదో పాఠానికి కావాల్సినవి: జిగురు వైపు కూడా కరెంటు పారే రాగి టేపు, 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్న సోల్డర్ తీగ. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠీ గుజరాతీ గల్లీలో అడగండి. వంటింటి అల్యూమినియం రేకు వద్దు, దానికి సోల్డర్ అంటదు.