బియ్యం డబ్బాలో సీతాఫలం

దసరా రోజుల్లో మహబూబ్‌నగర్ వైపు రోడ్ల పక్కన సీతాఫలాల గంపలు కనిపిస్తే, పండ్లు కాకుండా కాయలు కొనండి. కండ్లు బాగా విచ్చి, మధ్య గీతలు తెల్లగానో లేత పసుపుగానో మారినవి ఏరుకోవాలి. కండ్లు విచ్చని కాయ సరిగా పండదు, నల్లబడి గట్టిపడుతుంది. తెచ్చి బియ్యం డబ్బాలో పూడ్చండి. పచ్చి కాయను ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు.

ఇక రోజూ పొద్దున్నే, ఫోన్ చూడకముందే, మూత తీసి బియ్యంలో చెయ్యి పెట్టండి. మొదటి రోజు అన్నీ రాళ్లలాగే ఉంటాయి. రెండో మూడో రోజు తీయటి వాసన వస్తుంది, ఒక కాయ వేలికి మెత్తగా తగులుతుంది. ఎంత టెన్షన్‌లో ఉన్నా ఆ క్షణానికి నా మొహం విప్పారుతుంది. దేశమంతా తెలిసిన బాలానగర్ రకానికి మన జిల్లా ఊరి పేరే ఉందని తలచుకుంటే ఇంకా సంతోషం.

ఆ పండును నిలబడి గబగబా తినేయకండి. గడప మీద కూర్చుని రెండుగా విప్పండి. ఒక్కో గింజను నాలుక మీద తిప్పుతూ గుజ్జంతా చప్పరించి, గింజ ఉమ్మేయండి. పండుకు పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. మా ఇంట్లో రెండో సగం ఎప్పుడూ అమ్మది.