వీసీ గారి బీరువా సర్దేముందు

పోయినేడు ఎండాకాలంలో హైదరాబాద్ తార్నాక నుంచి ఫోన్ వచ్చింది. మా యూనివర్సిటీ పాత వీసీ (వైస్ ఛాన్సలర్) గారి అమ్మాయి. "అంకుల్, ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చేశాం. నాన్నగారి కాగితాలు నెలలోపు తీసేయాలి. పాత పేపర్లాయన కిలో పన్నెండు అంటున్నాడు. ఒకసారి వచ్చి చూస్తారా?" ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఆ మాట విన్నాక నిద్రెలా పడుతుంది? పొద్దున్నే బస్సెక్కాను. రెండు ఇనప బీరువాలు, అటక మీద పదకొండు అట్టపెట్టెలు, మంచం కింద ఒక ట్రంకుపెట్టె. ఇలాంటి పని మీ నెత్తిన పడితే ఎలా చేయాలో నాకు తెలిసినంత చెబుతాను.

మొదటిరోజు ఏదీ కదపకండి. బీరువా తలుపులు తీసి, ఒక్కో అరనూ ఫోన్‌తో ఫొటో తీయండి. ఏ అరలో ఏ కట్ట ఉందో, దాని పక్కన ఏముందో నోటుబుక్‌లో రాసుకోండి. ప్రతి కట్టలోనూ పెన్సిల్‌తో నంబరు వేసిన చీటీ పెట్టండి. పెన్ను వద్దు, చెమ్మ తగిలితే సిరా పక్క కాగితానికి పాకుతుంది.

ఇంత చాదస్తం ఎందుకంటే, నేనొకసారి చేతులు కాల్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక ప్రొఫెసర్ గారింట్లో ఉత్తరాలన్నీ ఫైళ్లలోంచి విప్పేసి, రాసినవాళ్ల పేర్ల ప్రకారం అకారాది క్రమంలో పేర్చాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తర్వాత ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చి, "ఈ ఉత్తరం ఏ ఫైల్లోది సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వచ్చిన ఉత్తరం ఒకచోట, దాని మీద పీఏ రాసిన నోట్ ఇంకోచోట, పంపిన జవాబు కార్బన్ కాపీ మరోచోట. మూడూ కలిసుంటేనే కథ తెలిసేది. అప్పట్నుంచి కాగితాల సొంతదారు పెట్టుకున్న వరస నేను చెడపను, అది ఎంత గజిబిజిగా ఉన్నా సరే.

సర్దడం మొదలుపెట్టే ముందు కాగితాలు ఎవరివో వారి ఉద్యోగాల తేదీల పట్టిక ఒకటి రాసుకోండి. వీసీలు ఒకచోట ఉండరు. జి. రామిరెడ్డి గారినే తీసుకోండి. ఉస్మానియా తర్వాత 1982లో ఇక్కడి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, 1985లో ఢిల్లీలో ఇగ్నో అనే జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, రెండింటికీ తొలి వీసీ ఆయనే. ఆ తర్వాత యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఛైర్మన్. ఇలాంటివారి ఉత్తరం మీద తేదీ లేకపోయినా, లెటర్‌హెడ్‌నూ పట్టికనూ పక్కపక్కన పెడితే ఏ కాలానిదో పట్టేయొచ్చు.

తలనొప్పంతా సొంత కాగితమేది, ఆఫీసు కాగితమేది అన్న దగ్గరే. ఫైలు నంబరున్న నోట్ షీట్లు, సిండికేట్ (యూనివర్సిటీ పాలకమండలి) మినిట్స్ ఒరిజినల్స్ కనిపిస్తే అవి యూనివర్సిటీవి. జాబితా రాసి రిజిస్ట్రార్ ఆఫీసులో అప్పగించి, రసీదు తీసుకోండి. డైరీలు, ప్రసంగాల చిత్తుప్రతులు, ఇంటి ఉత్తరాలు సొంతవి. మధ్యలో డీఓ లెటర్లు, అంటే ఒక అధికారి ఇంకో అధికారికి పేరుపెట్టి రాసే సగం ఆఫీసు ఉత్తరాలు, మాత్రం అటూ ఇటూ కానివి. పైన "మై డియర్" అని పేరు పెట్టి పిలుస్తారు, లోపలంతా గ్రాంట్ల గొడవ ఉంటుంది, చివర్లో మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడుగుతారు! వాటిని విడదీయకండి, ఉన్న ఫైల్లోనే ఉండనివ్వండి.

ఇంట్లోవి చిత్తుకాగితాలేగా అనుకోవద్దు. ఉస్మానియా వీసీ డి.ఎస్. రెడ్డి గారి పదవీకాలం గొడవ 1967లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తీర్పు ఏ లా లైబ్రరీలోనైనా దొరుకుతుంది. కానీ అలాంటి రోజుల్లో ఒక వీసీ ఇంటికొచ్చి ఏమనుకున్నాడో తీర్పులో ఉండదు కదా.

తుప్పుపట్టిన గుండుసూదులను లాగొద్దు, కాగితం చిరుగుతుంది. సూదికీ కాగితానికీ మధ్య పల్చటి అట్టముక్క దూర్చి, నెమ్మదిగా వదులు చేయండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించొద్దు. లామినేషన్ జోలికి అసలే పోవద్దు. ఫ్యాక్స్ కాగితాలుంటే వెంటనే జిరాక్స్ తీయించండి, వాటి అక్షరాలు వాటంతటవే వెలిసిపోతాయి. ఆమ్లం లేని కవర్లు కొనగలిగితే మంచిదే. లేదంటే ఉతికి ఆరబెట్టిన తెల్ల నూలుగుడ్డలో మూట కట్టండి, పాత దఫ్తర్లలో చేసినట్టు. ప్లాస్టిక్ సంచి మాత్రం వద్దు, మన వానాకాలంలో లోపల బూజు పడుతుంది.

ట్రంకుపెట్టెలో సార్ చదువుకున్నప్పటి ఉర్దూ సర్టిఫికెట్లు దొరికాయి. ఒకదాని మీద 1355 అని ఉంది. అమ్మాయి కంగారుపడింది. అది ఫస్లీ సంవత్సరం, నిజాం ప్రభుత్వం వాడిన లెక్క. నిజాం రాజ్యంలో అది అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. డిసెంబరు దాకా అయితే 590, జనవరి నుంచి అయితే 591 కలపాలి. అంటే 1945-46. బ్రాకెట్లో మన లెక్క రాయండి కానీ, అసలు అంకె దిద్దొద్దు.

ఫ్లాపీలు కూడా ఉన్నాయి. చదివించే మనిషి దొరికాడు కానీ, తెలుగు ప్రసంగాలన్నీ ఇంగ్లిషు అక్షరాల చెత్తలా కనిపించాయి. యూనికోడ్ రాకముందు వాడిన అను అనే తెలుగు ఫాంట్లలో కొట్టినవి. యూనికోడ్‌లోకి మార్చి, పాత ఫైలు కూడా అలాగే ఉంచుకోవాలి. మార్చేటప్పుడు ఒత్తులు తారుమారవుతాయి.

విద్యార్థుల మార్కులు, సెలక్షన్ కమిటీ నోట్లు, ఎవరిమీదో ఫిర్యాదులు దొరికితే విడిగా కవరులో పెట్టి, ఎన్నాళ్లు తెరవకూడదో పైన రాయండి. ఇంకోమాట: ఉత్తరం అందుకున్నవారిది కాగితం మాత్రమే, అందులోని రాతమీద హక్కు రాసినవారిది. అచ్చు వేయాలంటే వాళ్లనో, వాళ్ల వారసులనో అడగాలి.

చివరికి ఎవరికిచ్చినా ముందు వెళ్లి ఆ గది చూడండి. ఒక సంస్థకు నమ్మకంతో ఇచ్చిన పెట్టెలు మెట్ల కింద పెట్టారు, తొలకరికే ముద్దయ్యాయి. జాబితా రెండు కాపీలు తీసి, సంతకాలు చేయించుకుని, షరతులు రాసుకున్నాకే బండెక్కించండి. తార్నాకలోనే పాత ప్రభుత్వ కాగితాలు దాచే రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, సలహాకు అక్కడా అడిగి చూడండి.

రెండో బీరువా కింది అరలో, పచ్చ ట్యాగు కట్టిన ఫైల్లో హాస్టల్ పిల్లల అర్జీ ఒకటుంది, మెస్‌లో పప్పు నీళ్లలా ఉందని. దాని వెనక సార్ చేతిరాత: "నిజమే. నేనూ తిన్నాను." అమ్మాయి దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. "అంకుల్, ఇదొక్కటి నేనుంచుకోనా?"

"ఉంచుకో అమ్మా" అన్నాను. జిరాక్స్ తీయించి, అది ఉన్నచోటే పెట్టి, పైన చీటీ గుచ్చకుండా దారంతో కట్టాను: అసలు ప్రతి కూతురి దగ్గర ఉంది.