ప్రూఫ్ కాపీలో అక్షరాలు బైండింగ్‌లోకి పోతుంటే నేను ఎలా సరిచేసుకున్నానంటే

రెండేళ్లు కూర్చుని రాసిన నవల ప్రూఫ్ కాపీ (అమ్మకానికి పెట్టేముందు సరిచూసుకోడానికి అచ్చేసే కాపీ) చేతికొస్తే ఎంత సంబరపడ్డానో, తెరిచి చూడగానే అంత నీరసం వచ్చేసింది. ఎడమ పేజీలో లైను చివరి అక్షరాలు, కుడి పేజీలో మొదటి అక్షరాలు బైండింగ్ లోపలికి వెళ్లిపోయాయి, రెండు బొటనవేళ్లతో గట్టిగా విప్పి పట్టుకుంటే తప్ప చదవలేం.

తప్పు నాదే. 340 పేజీల పుస్తకానికి నాలుగు వైపులా మార్జిన్ అర అంగుళమే ఇచ్చా. పేజీలు పెరిగేకొద్దీ లోపలి మార్జిన్, అంటే బైండింగ్ వైపు వదిలే ఖాళీ, పెరగాలి, కేడీపీ (సొంతంగా పుస్తకాలు వేసుకునే అమెజాన్ సర్వీస్) లెక్కలో 151 నుంచి 300 పేజీల దాకా 0.5 అంగుళం, 301 నుంచి 500 దాకా 0.625, అదీ కనీసం అంతే, హాయిగా చదవాలంటే ఇంకా కావాలి. వర్డ్‌లో లేఔట్, మార్జిన్స్‌లోకెళ్లి మిర్రర్డ్ (ఎడమ, కుడి పేజీల మార్జిన్లు అద్దంలోలా ఎదురెదురుగా వచ్చే సెట్టింగ్) పెట్టి లోపల 0.8 ఇచ్చా.

దాంతో పేజీలు 356 అయ్యాయి. ఇది మర్చిపోకండి, పేజీలు పెరిగితే స్పైన్ (పుస్తకం వీపు) మందం కూడా పెరుగుతుంది, క్రీమ్ పేపర్‌కి పేజీకి 0.0025 అంగుళం చొప్పున నాకు 0.04 పెరిగింది, అందుకే కవర్ ఫైల్ కూడా మళ్లీ చేశా.

రెండో ప్రూఫ్ నిన్న వచ్చింది. ఒంటి చేత్తో పట్టుకుని మూడు చాప్టర్లు చదివేశా.