సెల్ఫ్ తీసుకోని బండి: తప్పు బ్యాటరీదేనా?

బైకు సెల్ఫ్ బటన్ నొక్కితే టిక్ టిక్‌మంటుంది తప్ప ఇంజిన్ తిరగదు. హారన్ మోగుతోంది, ఇండికేటర్లు వెలుగుతున్నాయి. అందుకని బ్యాటరీ బాగానే ఉందనుకుని స్టార్టర్ మోటారు విప్పించేవాళ్లు చాలామంది. హారన్‌కు రెండు మూడు ఆంపియర్లు చాలు. చల్లారిన ఇంజిన్‌ను తిప్పడానికి స్టార్టర్ మోటారు ఆ కాస్సేపట్లోనే పదుల ఆంపియర్లు లాగుతుంది, పెద్ద ఇంజిన్లయితే వంద కూడా దాటొచ్చు. కుండలో నీళ్లు నిండుగా ఉన్నా చిల్లు సన్నదైతే ధార రాదు. పాతబడిన బ్యాటరీ సంగతీ అంతే: మీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తుంది, బరువు పడగానే చతికిలబడుతుంది.

టిక్ టిక్ చప్పుడు స్టార్టర్ రిలేది, అంటే మోటారుకు కరెంటు కలిపే స్విచ్‌ది. బటన్ నొక్కగానే రిలే అంటుకుంటుంది, మోటారు కరెంటు లాగడంతో వోల్టేజీ పడిపోతుంది, రిలే వదిలేస్తుంది. వోల్టేజీ మళ్లీ లేస్తుంది, రిలే మళ్లీ అంటుకుంటుంది. ఈ వరస వినిపిస్తే బ్యాటరీ గానీ, దాని టెర్మినళ్లు గానీ కారణం. ఒక్కసారి టక్‌మని ఆగిపోతే రిలే పాయింట్లు కాలి ఉండొచ్చు, మోటారు బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. అసలు చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, కిల్ స్విచ్, క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్ చూడండి.

ఇంకో రకం ఇబ్బంది ఉంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కానీ అంటుకోదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ పంపు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్), ఇగ్నిషన్ అన్నీ బ్యాటరీ మీదే బతుకుతాయి. మోటారు తిరుగుతున్నంతసేపూ వోల్టేజీ మరీ దిగిపోతే ఈసీయూ పని చేయదు, స్పార్క్ రాదు. బ్యాటరీ పూర్తిగా పడిపోయినా కిక్ కొడితే అంటుకునేవి ఏసీ సీడీఐ (బ్యాటరీతో పని లేకుండా ఇంజిన్ కాయిల్ కరెంటుతోనే స్పార్క్ ఇచ్చే ఏర్పాటు) ఉన్న పాత కార్బ్యురేటర్ బండ్లు. కొత్త బండ్లలో ఆ ధీమా పెట్టుకోకండి.

పరీక్షకు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి చాలు. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. బండి ఆపిన వెంటనే కొలిస్తే ఛార్జింగు తాలూకు పై వోల్టేజీ కలిసి అంకె ఎక్కువ చూపిస్తుంది. కనీసం మూడు నాలుగు గంటలు ఆగాలి, రాత్రంతా వదిలేసి పొద్దున చూస్తే ఇంకా నయం. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ఎర్ర ప్రోబ్ (మీటరు తీగ చివరి మొన) ప్లస్ మీద, నల్లది మైనస్ మీద ఆనించండి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి సుమారు లెక్క ఇది:

12.7 లేదా పైన – నిండుగా ఉంది (సీల్డ్ రకాల్లో 12.8 నుంచి 13.0 దాకా ఉంటుంది)
12.4 – ముప్పావు వంతు
12.2 – సగం
12.0 – పావు వంతు
11.8 కన్నా తక్కువ – ఖాళీ

రాత్రంతా ఛార్జ్ చేసి, ఆపి ఉంచాక కూడా 10.5 దగ్గరే ఆగిపోయిందంటే ఒక సెల్ చచ్చిపోయినట్టే. ఒక్కో సెల్ 2.1 వోల్టులు ఇస్తుంది, ఆరింట్లో ఐదే మిగిలాయన్నమాట. దానికి మందు లేదు, మార్చాల్సిందే.

అంకె 12.4 కన్నా తక్కువుంటే ఇంకే పరీక్షా పెట్టకుండా ముందు ఛార్జ్ చేయండి, ఖాళీ బ్యాటరీ ఎలాగూ తప్పుతుంది. ఛార్జింగు కరెంటు కెపాసిటీలో పదో వంతు ఉండాలి: 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ కెపాసిటీ కొలత) బ్యాటరీకి 0.5 ఆంపియరు, 9 ఏహెచ్‌కు 0.9. కారు ఛార్జర్‌తో గంటలో తేల్చేద్దామనుకుంటే ప్లేట్లు వేడెక్కి వంకర్లు పోతాయి. ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడేచోట పెట్టండి, దగ్గర్లో నిప్పు వద్దు.

అసలు తీర్పు చెప్పేది ఇక్కడే. ప్రోబ్‌లు టెర్మినళ్ల మీదే ఉంచి, న్యూట్రల్‌లో క్లచ్ పట్టుకుని, చల్లని ఇంజిన్ మీద సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు వోల్టేజీ 10 దగ్గరో పైనో నిలబడితే బ్యాటరీ గట్టిదే. 9.5 కన్నా కిందికి జారితే, అదీ నిండా ఛార్జ్ చేశాక, దాని పని అయిపోయింది. ఇంజిన్ వెంటనే అంటుకుంటే అంకె కంటికి అందదు, మీటర్లో మిన్ బటన్ (అతి తక్కువ అంకెను పట్టి ఉంచేది) ఉంటే వాడుకోండి. ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో అరనిమిషం ఆపండి. లేకపోతే మోటారు కాలుతుంది.

బ్యాటరీ దగ్గర వోల్టేజీ బాగానే నిలబడినా మోటారు నీరసంగా తిరుగుతోందా? కరెంటు దారిలో పోతోంది. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ పోస్టు మీద (వైరు లగ్ మీద కాదు), నల్లది స్టార్టర్ మోటారు బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. బటన్ నొక్కనప్పుడు 12 చూపిస్తుంది, దాన్ని పట్టించుకోవద్దు. తిరుగుతుండగా 0.5 దాటితే వైరులోనో రిలేలోనో లోపం. ఆ తర్వాత మైనస్ పోస్టుకూ ఇంజిన్ కేసుకూ మధ్య చూడండి. 0.2 దాటితే ఎర్త్ వైరు తుప్పు గీకి బిగించాలి. టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొడిని వంటసోడా నీళ్లతో కడగొచ్చు. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. మైనస్ తగిలించి ఉండగా ప్లస్ విప్పుతుంటే స్పానర్ ఫ్రేముకు తాకి నిప్పులు రాలతాయి.

కొత్త బ్యాటరీ కూడా నెలలోపే పడిపోతుంటే ఛార్జింగు చూడాలి. ఇంజిన్ 4000–5000 ఆర్పీఎంలో ఉండగా టెర్మినళ్ల దగ్గర సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 13 కూడా దాటకపోతే స్టేటర్ కాయిల్ (ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించేది), దాని కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు), రెక్టిఫైయర్ (ఆ కరెంటును డీసీగా మార్చేది) చూడండి. కప్లర్ పిన్నులు కాలి నల్లబడటం చాలా మామూలు. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీని ఉడకబెడుతోంది. నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ వైరు ఊడదీసి చూసే పాత చిట్కా మాత్రం వద్దు, వోల్టేజీ ఎగిసి ఈసీయూ పోవచ్చు.

ఛార్జింగూ సరిగ్గానే ఉంటే, ఆగి ఉన్న బండి కరెంటు తాగుతోందేమో చూడండి. మైనస్ వైరు విప్పి, మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల జాక్‌లో పెట్టి, వైరుకూ పోస్టుకూ మధ్య కలపండి. ఈ స్థితిలో ఇగ్నిషన్ గానీ సెల్ఫ్ గానీ ముట్టుకోకూడదు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. కొద్ది మిల్లీఆంపియర్లు మామూలే. 50 మిల్లీఆంపియర్లంటే రోజుకు 1.2 ఏహెచ్, 5 ఏహెచ్ బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ. అలారం, ఛార్జింగు సాకెట్ లాంటి తర్వాత బిగించిన సామాన్లనే ముందు అనుమానించండి.

లిథియం బ్యాటరీకి మాత్రం పైన చెప్పిన విశ్రాంతి అంకెలు పనికిరావు. అది నిండుగా ఉంటే 13.3 దగ్గర నిలుస్తుంది. దానిలో 12.8 కనిపిస్తే చాలావరకు ఖాళీ అయిందని అర్థం.